షుగర్‌కి విటమిన్ మాత్రలు: లోటు ఉంటేనే లాభం

షుగర్ ఉందని రిపోర్ట్ చేతికొచ్చాక, లేదా బోర్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పాక, చాలామంది వెతికేది ఒకటే: ఏ విటమిన్ వేసుకుంటే షుగర్ తగ్గుతుంది? తిండి మార్చుకోవడం కష్టం, రోజూ నడవడం ఇంకా కష్టం, జీవితాంతం మందులు వాడాలంటే భయం. వీటన్నిటి మధ్య ఒక చిన్న మాత్ర, అదీ మందు కాదు విటమినే అనిపించుకునే మాత్ర, ఎవరికైనా ఆశ పుట్టిస్తుంది. ఆ ఆశలో తప్పేమీ లేదు. కానీ దశాబ్దాల పరిశోధనని ఒకచోట పెట్టి చూస్తే మళ్లీ మళ్లీ బయటపడే విషయం ఒకటుంది. ఒంట్లో ఏదైనా పోషకం బాగా తగ్గి ఉంటే, దాన్ని భర్తీ చేసినప్పుడు మేలు కనిపిస్తుంది. తగ్గనిచోట అదే పోషకాన్ని ఎంత పోసినా షుగర్ పెద్దగా కదలదు, కొన్నిటి విషయంలో పెరుగుతుంది కూడా. అంటే అడగాల్సింది ఏ విటమిన్ మంచిదని కాదు, ఒంట్లో ఏది తగ్గింది, ఎందుకు తగ్గింది అని.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. తిన్న తర్వాత రక్తంలో గ్లూకోజ్ పెరుగుతుంది. పాంక్రియాస్‌లోని బీటా కణాలు ఆ గ్లూకోజ్‌ని లోపలికి తీసుకుని శక్తిగా మార్చుకుంటాయి, ఆ శక్తి పెరగగానే కణం పొరలో పొటాషియం బయటికి పోయే దారులు మూసుకుపోతాయి, దాంతో కాల్షియం లోపలికి వస్తుంది, కాల్షియం రావడంతోటే అప్పటిదాకా చిన్న చిన్న సంచుల్లో దాచిన ఇన్సులిన్ రక్తంలోకి విడుదలవుతుంది. ఆ ఇన్సులిన్ కండరాల కణాలకి, కొవ్వు కణాలకి అతుక్కున్నాక లోపలికి కబురు వెళ్లడానికి మెగ్నీషియం కావాలి. ఇన్సులిన్‌ని దాచడానికి జింక్ కావాలి. గ్లూకోజ్‌ని శక్తిగా మార్చడానికి బి1 కావాలి. కాబట్టి విటమిన్లు, ఖనిజాలు లేకుండా షుగర్ అదుపు అనేదే లేదు, ఇది నిజం. ప్రకటనలు మొదలయ్యేది కూడా ఇక్కడే: ఫలానాది ఇన్సులిన్ పనికి అవసరం, అందుకని అది ఎక్కువ వేసుకుంటే ఇన్సులిన్ ఎక్కువ పనిచేస్తుంది. ఇందులో మొదటి సగం నిజం, రెండో సగం కాదు. బండిలో ఇంజిన్ ఆయిల్ అయిపోతే బండి ఆగిపోతుంది, అలాగని నిండుగా ఉన్నదాంట్లో ఇంకో లీటరు పోస్తే బండి వేగం పెరగదు.

జింక్ సంగతి దగ్గరగా చూస్తే ఈ తేడా బాగా అర్థమవుతుంది. బీటా కణంలో ఇన్సులిన్ విడివిడిగా ఉండదు. ఆరు ఇన్సులిన్ అణువులు ఒకచోట చేరి, మధ్యలో రెండు జింక్ అయాన్లని పట్టుకుని, గట్టి ముద్దలా సర్దుకుంటాయి. ఈ ముద్దలు కలిసి చిన్న స్ఫటికంలా సంచిలో ఉంటాయి. రక్తంలోకి వచ్చాక జింక్ విడిపోతుంది, ముద్ద విచ్చుకుంటుంది, ఒక్కో ఇన్సులిన్ అణువు తన పనికి పోతుంది. టొరంటోలో 1921లో ఇన్సులిన్‌ని కనిపెడితే, ఇన్సులిన్ స్ఫటికంగా మారాలంటే జింక్ ఉండాలని 1934లో అదే ఊళ్లో డి.ఎ. స్కాట్ చూపించాడు. ఆ తర్వాత రెండేళ్లకే ఎక్కువ గంటలు పనిచేసే ప్రొటమీన్ జింక్ ఇన్సులిన్ ఇంజెక్షన్ వచ్చింది. 1969లో డొరొతీ హాడ్జ్‌కిన్ బృందం ఎక్స్‌రేలతో ఇన్సులిన్ నిర్మాణాన్ని బయటపెట్టినప్పుడు ఆ ఆరు అణువులు, ఆ జింక్ కళ్లకు కట్టినట్టు కనిపించాయి.

ఇంత ముఖ్యమైన జింక్ తగ్గితే షుగర్ వస్తుంది, పెంచితే పోతుంది అనిపించడం సహజం. బీటా కణంలో జింక్‌ని ఇన్సులిన్ సంచిలోకి చేరవేసే ప్రొటీన్ ఒకటుంది, పేరు జింక్ ట్రాన్స్‌పోర్టర్ 8. దాని జన్యువులో ఒక కాపీ పాడైపోయి పుట్టినవాళ్లకి షుగర్ ఎక్కువగా వస్తుందనే అందరూ అనుకుంటారు. కానీ 2014లో వెలువడిన పెద్ద జన్యు అధ్యయనంలో లెక్క తిరగబడింది: అలాంటివాళ్లకి టైప్ 2 డయాబెటిస్ వచ్చే అవకాశం దాదాపు 65 శాతం తక్కువ. శరీరం మనం గీసుకున్న బొమ్మ ప్రకారం నడవదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. జింక్ మాత్రలతో ఫాస్టింగ్ షుగర్ కొంచెం తగ్గినట్టు చూపిన పరిశోధనలు ఉన్నాయి, కానీ అవి ఎక్కువగా చిన్నవి, తక్కువ కాలం జరిగినవి. రోజుకి కావాల్సింది మగవాళ్లకి 11 మి.గ్రా., ఆడవాళ్లకి 8 మి.గ్రా. పెద్దవాళ్లు 40 మి.గ్రా. దాటకూడదని పరిమితి పెట్టడానికి గట్టి కారణం ఉంది. జింక్ ఎక్కువైతే పేగుల్లో రాగి ఒంటికి పట్టడం తగ్గిపోతుంది, నెలల తరబడి అలాగే సాగితే రక్తహీనత వస్తుంది, కాళ్లలో నరాలు దెబ్బతింటాయి. షుగర్ ఉన్న మనిషికి కాళ్లు తిమ్మిరెక్కితే అది షుగర్ వల్లే అనుకుంటారు తప్ప జింక్ మాత్ర వైపు ఎవరూ చూడరు.

మెగ్నీషియం దగ్గర కథ ఇంకాస్త గట్టిది, అందుకే దీనికి ఎక్కువ చోటు ఇవ్వాలి. కణం మీద ఇన్సులిన్ అతుక్కునే రిసెప్టర్ పనిచేయాలంటే మెగ్నీషియం కలిసిన ఏటీపీ (కణాలకి శక్తినిచ్చే అణువు) కావాలి, అది చాలకపోతే ఇన్సులిన్ వచ్చినా కణం సరిగ్గా స్పందించదు, దీన్నే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటున్నాం. పైగా ఇక్కడ ఒక విషవలయం ఉంది. రక్తంలో షుగర్ ఎక్కువైతే అది మూత్రంలోకి పోతుంది, దాంతో మూత్రం ఎక్కువవుతుంది, ఆ మూత్రంతో పాటు మెగ్నీషియం కూడా పోతుంది, మెగ్నీషియం తగ్గేకొద్దీ ఇన్సులిన్ పని ఇంకా మందగిస్తుంది, షుగర్ ఇంకా పెరుగుతుంది. టైప్ 2 డయాబెటిస్ ఉన్నవాళ్లలో మెగ్నీషియం లోటు మిగతావాళ్లకన్నా చాలా ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. దీనికి తోడు బీపీకి ఇచ్చే మూత్రం మాత్రలు కొన్ని మెగ్నీషియాన్ని బయటికి పంపేస్తాయి. గ్యాస్, మంటకి ఏళ్ల తరబడి వాడే ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ లాంటి మాత్రలతో మెగ్నీషియం ప్రమాదకరంగా పడిపోవచ్చని అమెరికాలో మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది. షుగర్, బీపీ, గ్యాస్ మూడూ ఉండి మూడింటికీ మాత్రలు మింగే పెద్దవయసు మనుషులు ఎంతమంది ఉంటారో వేరే చెప్పక్కర్లేదు.

భర్తీ చేస్తే ఫలితం ఎలా ఉంటుందో రెండు పరిశోధనలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. మెక్సికోలో 2003లో ప్రచురించిన ఒక అధ్యయనంలో రక్తంలో మెగ్నీషియం తక్కువగా ఉన్న 63 మంది టైప్ 2 పేషెంట్లని తీసుకుని, కొందరికి 16 వారాలు మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం ఇచ్చారు, కొందరికి ఉత్తుత్తి మందు. చివరికి మెగ్నీషియం తీసుకున్నవాళ్ల హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష, సగటున 8.0 శాతం, మిగతావాళ్లది 10.1. ఇది చిన్న తేడా కాదు. అయితే మెగ్నీషియం మామూలుగానే ఉన్న పేషెంట్లకి మూడు నెలలు మాత్రలిచ్చి చూసిన మరో అధ్యయనంలో షుగర్ అదుపులో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. అదే ఖనిజం, అదే జబ్బు. తేడా అంతా ముందు లోటు ఉందా లేదా అన్న దగ్గరే.

ఇక్కడో చిక్కు ఉంది. పెద్దవాళ్ల ఒంట్లో మెగ్నీషియం దాదాపు 25 గ్రాములు ఉంటే అందులో సగానికి పైగా ఎముకల్లోనే, మిగతాది ఎక్కువగా కండరాల్లో, కణాల్లో ఉంటుంది. రక్తంలో ఉండేది ఒక్క శాతం కూడా కాదు. రక్తంలో స్థాయి పడిపోకుండా శరీరం ఎముకల నుంచి తీసి సర్దుతూ ఉంటుంది కాబట్టి రిపోర్టులో నార్మల్ అని వచ్చినంత మాత్రాన లోపల నిండుగా ఉన్నట్టు కాదు. రిపోర్టులో తక్కువ అని వస్తే మాత్రం లోటు ఖాయమనుకోవచ్చు. నార్మల్ అంచుల్లో ఉండి, పైన చెప్పిన మాత్రలు వాడుతూ, కండరాలు పట్టేస్తుంటే డాక్టర్‌తో ఆ మాట ఎత్తాలి.

మాత్ర కొనేటప్పుడు స్ట్రిప్ వెనక సన్న అక్షరాలు చదవాలి. మెగ్నీషియం ఆక్సైడ్ 400 మి.గ్రా. అని రాసి ఉంటే అందులో అసలు మెగ్నీషియం 240 మి.గ్రా. దాకా ఉంటుంది, కానీ ఆక్సైడ్ రూపం ఒంటికి బాగా పట్టదు, చాలావరకు పేగుల్లోంచి అలాగే వెళ్లిపోతుంది, పోతూ విరేచనాలు తెస్తుంది. మెగ్నీషియం సిట్రేట్ 400 మి.గ్రా. అని ఉంటే అసలు మెగ్నీషియం 65 మి.గ్రా. దగ్గరే ఉంటుంది, కానీ ఒంటికి పట్టడం మెరుగ్గా ఉంటుంది. కొన్ని డబ్బాల మీద మొత్తం ఉప్పు బరువు వేస్తారు, కొన్నిటి మీద ఎలిమెంటల్ మెగ్నీషియం అని అసలు బరువు వేస్తారు, రెండూ ఒకటే అనుకుని పోలిస్తే లెక్క తప్పుతుంది. మాత్రల ద్వారా రోజుకి 350 మి.గ్రా. అసలు మెగ్నీషియం దాటొద్దన్నది అమెరికాలో పెట్టిన పరిమితి. తిండి ద్వారా వచ్చేదానికి ఆ పరిమితి లేదు, గింజలు, పప్పులు, ముదురాకుపచ్చ కూరలు, పొట్టు తీయని ధాన్యాలు ఎంత తిన్నా ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ ఎక్కువైంది బయటికి పంపేస్తుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ల సంగతి వేరు. షుగర్ పేషెంట్లలో చాలామందికి ఏదో ఒక దశలో కిడ్నీ సమస్య వస్తుంది, వాళ్లు డాక్టర్‌ని అడగకుండా మెగ్నీషియం వేసుకుంటే అది ఒంట్లో పేరుకుపోయి గుండె లయ మీదికి వస్తుంది. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ ఎంతుందో తెలియకుండా ఈ మాత్ర మొదలుపెట్టొద్దు.

షుగర్ సప్లిమెంట్లలో ఎక్కువగా పేరు మోగేది క్రోమియం. ఇది ఎలా ఇంతదూరం వచ్చిందో తెలుసుకోవడం అవసరం. 1957లో క్లాస్ ష్వార్జ్, వాల్టర్ మెర్ట్జ్ అనే శాస్త్రవేత్తలు ఒక రకం ఈస్ట్ ఆహారం మీద పెంచిన ఎలుకలకి గ్లూకోజ్ అదుపు తప్పిందని, సారా ఈస్ట్ ఇస్తే సర్దుకుందని గమనించి, అందులో ఏదో పదార్థం ఉందని దానికి గ్లూకోజ్ టాలరెన్స్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టారు. రెండేళ్లకి అది క్రోమియమే అన్నారు. 1977లో టొరంటో వైద్యులు ఒక రోగి కేసు ప్రచురించారు. ఏళ్ల తరబడి నరం ద్వారానే ఆహారం ఎక్కించుకుంటున్న ఒక మహిళ బరువు తగ్గిపోయి, నరాలు దెబ్బతిని, గ్లూకోజ్ అదుపు తప్పితే, రెండు వారాలు క్రోమియం ఎక్కించాక ఆమె కోలుకుంది. 1997లో చైనాలో 180 మంది పేషెంట్ల మీద జరిగిన పరిశోధనలో రోజుకి 1000 మైక్రోగ్రాముల క్రోమియం పికోలినేట్ ఇస్తే నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ బాగా తగ్గిందని వచ్చింది. ఇక క్రోమియం అమ్మకాలకి అడ్డే లేకుండా పోయింది.

ఆ తర్వాత వేరే దేశాల్లో చేసి చూస్తే ఆ ఫలితం నిలబడలేదు. నెదర్లాండ్స్‌లో షుగర్ అదుపు తప్పిన పేషెంట్లకి ఇచ్చి చూసినా మేలు కనిపించలేదు. పాత ఎలుకల ప్రయోగాల మీద కూడా అనుమానాలు లేచాయి. 2011లో అమెరికా పరిశోధకులు ఎలుకలని లోహం తగలని గూళ్లలో ఉంచి, క్రోమియం బాగా తక్కువున్న ఆహారం ఆరు నెలలు పెట్టి చూశారు, వాటి గ్లూకోజ్‌కి ఏ హానీ జరగలేదు. 2014లో యూరప్ ఆహార భద్రతా సంస్థ ఒక అడుగు ముందుకేసి, క్రోమియం మనిషికి అత్యవసర పోషకం అనడానికే నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది. క్రోమియం పికోలినేట్‌కి, టైప్ 2 ముప్పు తగ్గడానికి సంబంధం ఉందనడం బాగా సందేహాస్పదం అని ఎఫ్‌డీఏ 2005లోనే చెప్పింది. ఇంత జరిగాక కూడా షుగర్ సపోర్ట్ అని పేరున్న డబ్బాల్లో మొదటి వరసలో క్రోమియమే కనిపిస్తుంది. తీసుకుంటే పెద్ద ప్రమాదం లేకపోవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని అసలు మందు వాయిదా వేస్తే ఆ నెలల్లో కంటికీ కిడ్నీకీ జరిగే నష్టం వెనక్కి రాదు. ఇన్సులిన్‌లా పనిచేస్తుందని చెప్పే వెనేడియం అనే లోహం గురించి రెండే మాటలు: కడుపు పాడుచేస్తుంది, మోతాదు పెరిగితే విషం. దాని జోలికి పోవద్దు.

విటమిన్ డి మీద ఆశ పెట్టుకోవడానికి మంచి కారణాలే ఉండేవి. బీటా కణాల్లో విటమిన్ డి రిసెప్టర్లు ఉన్నాయి, రక్తంలో డి తక్కువున్నవాళ్లకి షుగర్ ఎక్కువగా వస్తోందని ఎన్నో పరిశీలనలు చెప్పాయి. అయితే బయట తిరిగేవాళ్లకి, వ్యాయామం చేసేవాళ్లకి, లావు తక్కువున్నవాళ్లకి డి కూడా ఎక్కువే ఉంటుంది, షుగర్ కూడా తక్కువే వస్తుంది, మరి అది డి పుణ్యమా, నడక పుణ్యమా? తేల్చుకోడానికి అమెరికాలో ప్రీడయాబెటిస్, అంటే షుగర్ బోర్డర్‌లో, ఉన్న 2,423 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి రోజూ 4,000 యూనిట్ల విటమిన్ డి ఇచ్చారు. రెండున్నరేళ్ల దరిదాపు గడిచాక, 2019లో ఫలితాలు వచ్చాయి. డి తీసుకున్నవాళ్లలో 293 మందికి షుగర్ వచ్చింది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 323 మందికి. 12 శాతం తగ్గుదల, అదీ గణాంకపరంగా నిలబడలేదు, అంటే యాదృచ్ఛికంగా వచ్చిన తేడా కావచ్చు. ఆ తర్వాత ఇలాంటి మూడు పరిశోధనలని కలిపి 2023లో లెక్కేస్తే 15 శాతం తగ్గుదల తేలింది, ఇది నిలబడింది. 2024లో హార్మోన్ వైద్యుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ, ప్రీడయాబెటిస్ ఉండి షుగర్ వచ్చే ముప్పు ఎక్కువున్న పెద్దలకి విటమిన్ డి సూచించడానికి ఇదొక కారణం.

ఆ 2019 పరిశోధనలో చాలామందికి మొదట్లోనే డి సరిపడా ఉంది, అక్కడే ఉంది కిటుకు. డి మరీ తక్కువగా, అంటే మిల్లీలీటరు రక్తంలో 12 నానోగ్రాముల లోపు ఉన్న వంద మంది చిల్లర వాళ్లని మాత్రం విడిగా తీసి చూస్తే ముప్పు సగానికన్నా ఎక్కువే తగ్గింది. చిన్న గుంపు కాబట్టి దాని మీద పూర్తిగా ఆధారపడలేం, కానీ మెగ్నీషియం దగ్గర కనిపించిన దారే ఇక్కడా కనిపిస్తోంది. ఈ 12, 15 శాతాలని ఇంకోదాని పక్కన పెట్టి చూడటం కూడా అవసరం. 3,234 మంది మీద జరిగి 2002లో ఫలితాలు వెలువడిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో, వారానికి 150 నిమిషాల నడక లాంటి వ్యాయామం, ఒంటి బరువులో 7 శాతం తగ్గించుకోవాలన్న లక్ష్యం పెట్టుకున్నవాళ్లకి షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవాళ్లకి 31 శాతం. విటమిన్ డి వేసుకోవడం తప్పు కాదు, లోటుంటే తప్పకుండా వేసుకోవాలి, ఎముకల కోసమైనా వేసుకోవాలి. కానీ దాని స్థానం ఎక్కడో తెలిసి వేసుకోవాలి. వారానికోసారి వేసుకోమని ఇచ్చిన పెద్ద డోసు మాత్రని పొరపాటున రోజూ మింగి, రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఇప్పటిదాకా చెప్పింది పోషకాల లోటు షుగర్‌ని ఎలా పెంచుతుందని. షుగర్‌కి వాడే మందు పోషకాన్ని ఎలా తగ్గిస్తుందనేది ఇంకా తక్కువమందికి తెలిసిన సంగతి, ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ నష్టం జరిగేది అక్కడే. మెట్‌ఫార్మిన్ మంచి మందు, చవక, దశాబ్దాలుగా నమ్మకంగా పనిచేస్తోంది. కానీ చిన్నపేగు చివర బి12 ఒంటికి పట్టే చోట అది అడ్డం పడుతుంది. 2010లో వెలువడిన ఒక పరిశోధనలో ఇన్సులిన్ వాడుతున్న 390 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి మెట్‌ఫార్మిన్ కలిపి ఇచ్చి నాలుగేళ్ల పైగా గమనిస్తే, ఆ గుంపులో బి12 సగటున 19 శాతం పడిపోయింది, ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా పడుతూ పోయింది. లివర్‌లో బి12 నిల్వ ఏళ్లకి సరిపడా ఉంటుంది కాబట్టి మందు మొదలుపెట్టిన మొదటి రెండు మూడేళ్లు ఏమీ తెలియదు. ఆ తర్వాత అరికాళ్లు మొద్దుబారతాయి, చెప్పు కాల్లోంచి జారిపోయినా తెలియదు, రాత్రిళ్లు మంటలు, సూదులతో గుచ్చినట్టు ఉంటుంది, మతిమరుపు, నీరసం మొదలవుతాయి. సరిగ్గా ఇవే లక్షణాలు షుగర్ నరాలని తిన్నప్పుడు కూడా ఉంటాయి. అందుకని డాక్టరు, పేషెంటు ఇద్దరూ షుగర్ వల్లే అనుకుని నొప్పి మాత్రలతో సరిపెట్టేస్తే, ఒక రక్తపరీక్షతో తేలిపోయే, మాత్రలతో సరిదిద్దుకోగల లోటు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. నరం ఎక్కువకాలం దెబ్బతింటే పూర్తిగా కోలుకోదు. మెట్‌ఫార్మిన్ ఎక్కువకాలంగా వాడేవాళ్లకి, అందులోనూ తిమ్మిర్లు, రక్తహీనత ఉన్నవాళ్లకి, అప్పుడప్పుడు బి12 చూడాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది. మాంసం, పాలు, గుడ్లు ముట్టనివాళ్లకి, గ్యాస్ మాత్రలు కూడా వాడేవాళ్లకి ఇది రెండింతలు వర్తిస్తుంది. లోటు తేలితే మెట్‌ఫార్మిన్ ఆపేయాల్సిన పని సాధారణంగా రాదు, బి12 కలుపుకుంటే చాలు.

నరాల బలానికి అని ఇచ్చే మాత్రల్లో బి12తో పాటు బి6 కూడా ఉంటుంది. బి6 పెద్ద మోతాదులో ఎక్కువకాలం వాడితే అదే నరాలని దెబ్బతీస్తుంది, మళ్లీ అవే తిమ్మిర్లు. అమెరికా పరిమితి రోజుకి 100 మి.గ్రా., యూరప్ దాన్ని 2023లో 12 మి.గ్రా.కి కుదించింది. రెండు మూడు రకాల మాత్రల్లో బి6 ఉంటే అన్నీ కూడుకోవాలి. బి1 సంగతి కూడా పరిశోధకులు శ్రద్ధగా చూస్తున్నారు, షుగర్ ఉన్నవాళ్ల మూత్రంలో అది ఎక్కువగా పోయి రక్తంలో బాగా తక్కువగా ఉన్నట్టు 2007లో ఒక అధ్యయనం చూపించింది. అయితే అది భర్తీ చేస్తే కిడ్నీకో నరానికో ఎంత మేలన్నది చిన్న పరిశోధనల దగ్గరే ఆగింది.

ఇనుము దారి వేరు. ఇది షుగర్‌ని కాదు, షుగర్ రిపోర్టుని మారుస్తుంది. హెచ్‌బీఏ1సీ అంటే ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కి ఎంత గ్లూకోజ్ అంటుకుందో కొలిచేది, ఆ కణం ఆయుష్షు 120 రోజులు కాబట్టి గత రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. ఇనుము లోటుతో రక్తహీనత ఉంటే షుగర్ పెరగకుండానే ఈ అంకె కొంత పెరిగి కనిపించవచ్చు. 6.0 చూసి ప్రీడయాబెటిస్ అని కంగారుపడిన మనిషి ఇనుము మాత్రలు వాడాక అది 5.6కి దిగితే, షుగర్ తగ్గింది కాదు, కొలత సరైంది. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు ఈ ఒక్క టెస్టు చూసుకుని టెన్షన్ పడకుండా ఫాస్టింగ్ షుగర్ కూడా చూపించుకోవాలి. అలాగని లోటు లేకుండా ఇనుము వేసుకోవడం మంచిది కాదు. ఒంట్లో ఇనుము పేరుకుపోయే హీమోక్రొమటోసిస్ అనే జబ్బులో ఆ ఇనుము పాంక్రియాస్‌లో చేరి షుగర్ తెప్పిస్తుంది, చర్మం రంగు మారుతుంది కాబట్టి దాన్ని కంచు డయాబెటిస్ అని పిలిచేవాళ్లు.

కొలతలని తప్పుదారి పట్టించేవి ఇంకో రెండున్నాయి. విటమిన్ సి ఎక్కువ మోతాదులో తీసుకుంటే కొన్ని గ్లూకోజ్ మీటర్లు, ఒంటికి అతికించుకునే కొన్ని సెన్సర్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. ఇన్సులిన్ వేసుకునే మనిషి ఆ అంకె నమ్మి డోసు పెంచితే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. సెన్సర్‌తో వచ్చే కాగితంలో రోజుకి ఎన్ని మి.గ్రా. సి దాటకూడదో రాసి ఉంటుంది, చదవాలి. జుట్టు, గోళ్ల కోసం వేసుకునే బయోటిన్ పెద్ద డోసులు షుగర్ కొలతని సాధారణంగా ఏమీ చేయవు గానీ, థైరాయిడ్, గుండెపోటుని పట్టే ట్రోపోనిన్, కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో ఇన్సులిన్, సీ-పెప్టైడ్ లాంటి పరీక్షలని తప్పుగా చూపించగలవు. ఎఫ్‌డీఏ 2017లో దీని మీద హెచ్చరిక ఇచ్చింది.

ఇక మంచిదనుకుని వేసుకుంటే షుగర్‌ని పెంచేవి. సెలీనియం యాంటీ ఆక్సిడెంట్ కాబట్టి షుగర్‌కి మేలు చేస్తుందనే నమ్మకం ఉండేది. చర్మ క్యాన్సర్ మీద జరిగిన ఒక అమెరికా పరిశోధనలో కొందరికి రోజూ 200 మైక్రోగ్రాములు ఇచ్చారు. ఆ సమాచారాన్నే తీసుకుని షుగర్ సంగతి చూస్తూ 2007లో వేసిన లెక్కలో సగటున 7.7 ఏళ్లలో సెలీనియం తీసుకున్నవాళ్లలో 58 మందికి టైప్ 2 వస్తే, తీసుకోనివాళ్లలో 39 మందికే వచ్చింది. మొదట్లోనే రక్తంలో సెలీనియం ఎక్కువగా ఉన్నవాళ్లలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ కనిపించింది. కొలెస్ట్రాల్ కోసం గ్రాముల లెక్కన వాడే నియాసిన్, అంటే బి3, షుగర్‌ని పెంచుతుందని పాతికవేల పైచిలుకు మంది మీద జరిగి 2014లో వెలువడిన పరిశోధనలో స్పష్టంగా తేలింది. విటమిన్ ఇ షుగర్‌కి చేసిన మేలేమీ లేదు, పైగా 35 వేల మంది మగవాళ్ల మీద జరిగిన మరో పరిశోధనలో ఇ తీసుకున్నవాళ్లకి ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ వచ్చింది. ఈ మూడూ మల్టీవిటమిన్‌లో ఉండే చిన్న మోతాదులో భయపెట్టేవి కావు, విడిగా పెద్ద డోసుల్లో అమ్మే సీసాల గురించే ఈ మాట.

కాబట్టి డబ్బా కొనేముందు టెస్ట్. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే బి12. మూత్రం మాత్రలో, ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలో వాడుతుంటే, లేదా షుగర్ చాలాకాలం అదుపు తప్పి ఉంటే మెగ్నీషియం, దాంతో పాటు పొటాషియం, క్రియాటినిన్. ఎండ తగలని జీవితమైతే విటమిన్ డి. హెచ్‌బీఏ1సీకీ ఇంట్లో మీటర్ చూపించే అంకెలకీ పొంతన కుదరకపోతే హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్. లోటు తేలితే ఎంత డోసు, ఎన్ని నెలలు అని డాక్టర్‌ని అడిగి రాయించుకుని, ఆ గడువు అయ్యాక మళ్లీ టెస్ట్ చేయించుకుని, నిండిందంటే ఆపాలో తగ్గించాలో తెలుసుకోవాలి, ఎందుకంటే మొదలుపెట్టిన మాత్రని ఎవరూ ఆపమనక అలా ఏళ్లపాటు మింగుతూ పోయేవాళ్లే ఎక్కువ. షుగర్ మందు డోసు మాత్రం మీ అంతట మీరు తగ్గించొద్దు. తర్వాతిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టులతో పాటు ఇంట్లో ఉన్న విటమిన్ డబ్బాలన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టండి.